ఘనాకు వెళ్ళేముందు నాలుగు మాటలు

(కార్తీక వనభోజనాల ఏర్పాట్ల కోసం ఆగ్రాలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో, వైమానిక దళం నుంచి విశ్రాంతి తీసుకున్న ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. పదవిలో ఉన్నప్పుడు పది నిమిషాలంటే పది నిమిషాలే. ఇప్పుడు పెన్షనర్ని కాబట్టి కాస్త అటూ ఇటూ అయితే మన్నించాలి.

ఈ ఏడు కార్తీక వనభోజనాలు భరత్‌పూర్‌లో పెట్టుకుందామని కమిటీలో అనుకున్నారట. నోటీసు బోర్డు మీద కూడా రాశారు. ఆగ్రా నుంచి గంటన్నర దారి, పిల్లలకు పక్షులు చూపించినట్టూ ఉంటుంది, లోపల శివాలయం కూడా ఉంది కాబట్టి కార్తీక మాసంలో దర్శనమూ అవుతుంది. ఆలోచన మంచిదే. నేను వద్దని చెప్పడానికి లేవలేదు. అయితే వనభోజనం వేరు, అభయారణ్యానికి వెళ్ళడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని ఒకసారి వెళ్ళాం. అప్పుడు జరిగింది చెప్తాను. అందులో తప్పు నాదే కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కరలేదు.

1996 నవంబరు ఆఖరి వారం. ఆ ఏడు వర్షాలు బాగా పడ్డాయి, ఘనా చెరువులన్నీ నిండుగా ఉన్నాయి. భరత్‌పూర్ పార్కును ఆ చుట్టుపక్కల అందరూ ఘనా అనే పిలుస్తారు, దట్టమైన అడవి అని. అసలు పేరు కేవలాదేవ్ జాతీయోద్యానవనం. కేవలాదేవ్ అంటే లోపలున్న శివుడి పేరు. మేము పదకొండు కుటుంబాల వాళ్ళం రెండు బండ్లలో వెళ్ళాం. గేటు దగ్గర బండ్లు వదిలేసి, రిక్షాలు మాట్లాడుకుని, పులిహోర డబ్బాలూ గారెల గిన్నెలూ ఒళ్ళో పెట్టుకుని లోపలికి బయల్దేరాం. గుడి దాకా సుమారు ఐదు కిలోమీటర్ల రోడ్డు, దానికి రెండు పక్కలా చెరువులు.

ఇక్కడ మీకు నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నాకు పక్షి అంటే శత్రువు కిందే లెక్క. విమానం లేచేటప్పుడో దిగేటప్పుడో ఒక్క గద్ద ఇంజనులోకి వెళ్తే ఏమవుతుందో ఇక్కడున్న ఏర్‌ఫోర్స్ వాళ్ళకి చెప్పక్కరలేదు. రన్‌వే పక్కన తుపాకీ పేల్చడం, టపాకాయలు కాల్చడం, అవేమీ చేతిలో లేకపోతే చప్పట్లు కొట్టి అరవడం, ఇవన్నీ చేశాను. పక్షులు గుంపుగా లేచిపోతుంటే పని బాగా జరిగినట్టు లెక్క మాకు.

ఆ రోజు చెరువు మధ్యలో తుమ్మచెట్ల నిండా ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. పసుప్పచ్చటి పొడుగాటి ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్ అంటారు. ఒక్కో చెట్టుకి పది, ఇరవై గూళ్ళు. నా దగ్గర ముప్ఫై ఆరు ఫొటోల రీలు కెమెరా ఉంది. కొంగలు కూర్చుని ఉంటే ఫొటో ఏం బాగుంటుంది, ఎగిరితే కదా అందం అనిపించింది. మా పెద్దవాణ్ణి కెమెరా పట్టుకోమని, గట్టు చివరికంటా వెళ్ళి గట్టిగా చప్పట్లు కొట్టాను, రన్‌వే దగ్గర కొట్టినట్టే. మొత్తం చెట్లన్నీ ఒక్కసారి లేచాయి. ఆకాశం తెల్లబడిపోయింది. మావాళ్ళందరూ ఆహా అన్నారు. కొందరు నాతో పాటు చప్పట్లు కొట్టారు కూడా.

మా రిక్షా నడిపినాయన ఒక సర్దార్జీ. అక్కడ రిక్షావాళ్ళల్లో సర్దార్లు చాలామంది ఉన్నారు, పక్షుల పేర్లన్నీ నోటికి వచ్చు వాళ్ళకి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తన మెళ్ళో ఉన్న బైనాక్యులర్స్ తీసి నా చేతికిచ్చి ఒక గూడు వైపు చూపించాడు. చూశాను. గూట్లో ఇంకా సరిగ్గా ఈకలు రాని రెండు పిల్లలు, అంచున ఒక కాకి. పెద్ద కొంగలు పైన చక్కర్లు కొడుతున్నాయి తప్ప దిగటం లేదు, గట్టు మీద మేమింకా నిలబడే ఉన్నాం కాబట్టి. కాకి ఒక పిల్లని పొడిచి పట్టుకుపోయింది. "అబ్ చలియే సాబ్" అన్నాడాయన. అంతే.

ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఏమీ పడలేదు దాన్లో, తెల్లటి మరకలు తప్ప.

ఆ తరవాత నేను ఘనాకు చాలాసార్లు వెళ్ళాను. ఆ సర్దార్జీనే వెతుక్కుని ఆయన రిక్షాలోనే తిరిగాను. ఇప్పుడు మీకు చెప్పేదంతా సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే, మిగతా సగం పుస్తకాల్లో చదివింది.

ఆ కొంగలు నీళ్ళ మధ్య ఉన్న చెట్లనే ఎందుకు ఎంచుకుంటాయి? చుట్టూ నీళ్ళుంటే నక్కా, అడవిపిల్లీ చెట్టు ఎక్కలేవు. మనం కోట చుట్టూ కందకం తవ్వినట్టన్నమాట. వానాకాలం చివర్లో గూళ్ళు కడతాయి. కార్తీకం నాటికి గూళ్ళల్లో పిల్లలుంటాయి. ఎండ ఎక్కువైతే తల్లి గానీ తండ్రి గానీ రెక్కలు గొడుగులా విప్పి పిల్లల మీద నీడ పడేట్టు నిలబడుతుంది. నోట్లో నీళ్ళు తెచ్చి పిల్లల మీద పోస్తుంది. అంటే ఒకటి ఎప్పుడూ డ్యూటీలో ఉండి తీరాలి. సెంట్రీని పోస్టు మీద నుంచి లేపేస్తే ఏమవుతుందో మనకు తెలియనిదా? నేను చప్పట్లు కొట్టి చేసింది అదే.

మన తెలుగువాళ్ళకు ఈ కొంగలు కొత్తవి కావు. మాది శ్రీకాకుళం జిల్లా. టెక్కలి దగ్గర తేలినీలాపురం అని ఊరుంది. అక్కడికి ఈ కొంగలూ, గూడబాతులూ ఏటా వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీదే గూళ్ళు పెడతాయి. అనంతపురం వైపు వాళ్ళకి వీరాపురం తెలిసే ఉంటుంది, గుంటూరు వాళ్ళకి ఉప్పలపాడు, నెల్లూరు వాళ్ళకి నేలపట్టు. మా వైపు వీటిని సైబీరియా కొంగలు అంటారు, పేపర్లలో కూడా అలాగే రాస్తారు. సైబీరియా లేదు, ఏమీ లేదు. ఎర్రకాళ్ళ కొంగలు మన దేశపువే, ఇక్కడే పుట్టి ఇక్కడే పెరుగుతాయి. నిజంగా సైబీరియా నుంచి వచ్చే తెల్లకొంగలు వేరే ఉండేవి. అవి చలికాలానికి వచ్చేది ఈ ఘనాకే. 2001-02 చలికాలంలో ఒక జంట వచ్చింది. అదే ఆఖరు, మళ్ళీ రాలేదు. దారిలో వేటాడారనీ, ఆగే చోట చెరువులు ఎండిపోయాయనీ కారణాలు చెప్తారు. మన పిల్లలు వాటిని ఇక్కడ చూడలేరు.

తేలినీలాపురం పక్క ఊళ్ళో మా మేనత్త ఉండేది. పెరట్లో బట్టలారేసుకోవడానికి లేకుండా పై నుంచి రెట్టలు పడేవి. చేపల కంపు సరేసరి. "ఎందుకే అత్తా, కొమ్మలు కొట్టించెయ్యరాదా" అని చిన్నప్పుడు అన్నాను. "ఊరుకో నాయనా, పురిటికొచ్చిన ఆడపిల్లల్ని గెంటేస్తామేటి" అంది. పురిటింట్లో ఎలా మసులుకోవాలో మన ఆడవాళ్ళకి వేరే చెప్పాలా? గట్టిగా మాట్లాడరు, తలుపులు చప్పుడు చెయ్యరు, పిల్లలు పరుగులు పెడితే మందలిస్తారు. చదువు లేని మా మేనత్తకి తెలిసింది, యూనిఫారం వేసుకుని ఇరవై ఏళ్ళు చేసిన నాకు తెలియలేదు.

ఇక ఆ చోటు గురించి కొంచెం చెప్తాను. ఎందుకంటే చాలామంది అది దేవుడు చేసిన అడవి అనుకుంటారు. కాదు. అది పల్లపు నేల. 18వ శతాబ్దంలో భరత్‌పూర్ రాజు సూరజ్‌మల్ అజాన్ బంధ్ అనే కట్ట కట్టించాక నీళ్ళు నిలవడం మొదలైంది. తరవాతి రాజులు లోపల గట్లు పోయించి, తూములు పెట్టించి మడులు మడులుగా విభజించారు. మనం నడిచే కాలిబాటలు చాలావరకు ఆ గట్లే. అందుకే అక్కడ నడిచేటప్పుడు పక్షులు మనకు రెండు వైపులా, చాలా దగ్గరగా ఉంటాయి. ఊళ్ళో పార్కుకీ దీనికీ తేడా అదే. గట్టు దిగి రెండడుగులు వేశామంటే వాటి ఇంట్లోకి వెళ్ళినట్టే.

రాజులు ఇదంతా చేసింది పక్షుల మీద ప్రేమతో కాదు, బాతుల వేట కోసం. గుడి దగ్గర రాతి పలకల మీద ఏ రోజు ఏ దొర వచ్చాడో, ఎన్ని పక్షుల్ని కొట్టారో చెక్కి ఉంటుంది. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273. అదీ ఇంచుమించు కార్తీక మాసమే, అదీ శివుడి గుడి ముందే. పిల్లలకు ఆ పలక తప్పకుండా చూపించండి.

స్వాతంత్ర్యం వచ్చాక వేట తగ్గి, తరవాత పూర్తిగా ఆగింది. సలీం అలీ గారి వంటి వాళ్ళు పట్టుబట్టడం వల్ల ఆ చెరువులు పొలాలు కాకుండా మిగిలాయి. 1981లో అంతర్జాతీయంగా విలువైన చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 1982లో జాతీయోద్యానవనం అయింది, 1985లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. విస్తీర్ణం చూస్తే 29 చదరపు కిలోమీటర్లే. మనం చూసిన కొన్ని ఫైరింగ్ రేంజిల కన్నా చిన్నది. అంత చిన్న చోట 370 రకాలకి పైగా పక్షుల్ని చూసినట్టు రికార్డులు ఉన్నాయి.

1982లోనే ఇంకో సంగతి జరిగింది. దీన్ని కప్పిపెట్టి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. పార్కు అయ్యాక చుట్టుపక్కల ఊళ్ళ గేదెల్ని మేతకి రానివ్వమన్నారు. ఊళ్ళవాళ్ళు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. తీరా గేదెలు ఆగిపోయాక చెరువుల్లో గడ్డి విపరీతంగా పెరిగి నీళ్ళని కప్పేసింది. బాతులకు వాలడానికి చోటు లేకుండా పోయింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన పరిశీలనలో తేలిందేమిటంటే, ఆ గడ్డిని అదుపులో పెడుతున్నది గేదెలేనని. కాబట్టి ఆ పక్షుల కోసం అన్నిటికన్నా ఎక్కువ వదులుకున్నది ఆ ఊళ్ళవాళ్ళు. వాళ్ళ గొడ్లని రానివ్వని చోటికి మనం టిక్కెట్టు కొనుక్కుని వెళ్తున్నాం. ఇది గుర్తుంచుకుంటే రిక్షా దగ్గర పది రూపాయలకి పేచీ పెట్టబుద్ధి కాదు.

ఇక నీళ్ళు. ఆ చెరువులకి ఏటా సుమారు 550 మిలియన్ ఘనపుటడుగుల నీళ్ళు కావాలని లెక్క. అవి గంభీర్ నది నుంచి రావాలి. ఎగువన పాంచనా డ్యాం కట్టాక నది పార్కు దాకా రావడం తగ్గింది. 2004లో రైతులకీ పార్కుకీ మధ్య గొడవై, నీళ్ళు వదల్లేదు. చెరువులు ఎండిపోయాయి, గూళ్ళు లేవు. నేను అప్పుడు వెళ్ళి చూశాను. నీళ్ళుండే చోట బీటలు, వాటి మధ్య తాబేటి చిప్పలు. రైతుదీ తప్పు అనలేను, నేనూ రైతు కొడుకునే. తరవాతి సంవత్సరాల్లో గోవర్ధన్ డ్రెయిన్ నుంచీ, చంబల్ నుంచీ గొట్టాలు వేసి నీళ్ళు తెస్తున్నారు. అంటే ఇప్పుడు మనం చూసే చెరువు పంపులతో నింపుతున్న చెరువు. అందులో చెయ్యి కడుక్కున్నా, ఎంగిలి గిన్నె తొలిచినా ఎక్కడి నుంచో మోసి తెచ్చిన నీళ్ళని పాడు చేసినట్టే.

ఇక్కడ అక్కయ్యలకి ఒక మనవి. కార్తీక మాసం, శివుడి గుడి, పక్కన చెరువు. అరటి దొప్పలో దీపం వదలాలని అనిపించడం సహజం. 1996లో మనవాళ్ళు వదిలారు కూడా. కానీ నూనె నీటి మీద తెట్టెలా పరుచుకుంటుంది, ఆ నూనె అంటిన ఈక తడవకుండా ఉండలేదు. పైగా జాతీయోద్యానవనంలో నిప్పు వెలిగించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎండు గడ్డి కాలం కూడాను. గుళ్ళో దణ్ణం పెట్టుకుందాం. దీపాలు మన క్వార్టర్స్ దగ్గర టబ్బులో వదులుకుందాం. శివుడు ఏమీ అనుకోడు.

మిగతావి మనకు కొత్తగా నేర్పాల్సినవి కావు. ట్రెయినింగ్‌లో ఫీల్డ్‌క్రాఫ్ట్ అని నేర్పారు చూడండి. కదలిక తక్కువ, చప్పుడు తక్కువ, నేలలో కలిసిపోయే రంగు బట్టలు, ఆకాశానికి అడ్డంగా గట్టు మీద నిటారుగా నిలబడకపోవడం. అవన్నీ శత్రువుకి కనపడకుండా ఉండటానికి నేర్చుకున్నాం. ఇక్కడ కొంగకి కనపడకుండా ఉండటానికి వాడండి. ఇన్‌ఫాంట్రీ వాళ్ళు ఈ విషయంలో నాకన్నా బాగా చెప్పగలరు. పక్షి మెడ చాచి మన వైపే చూస్తోందంటే, తినడం మానేసిందంటే, మనం ఎక్కువ దగ్గరికి వచ్చేశామని అర్థం. ఇంకో అడుగు వేస్తే ఎగురుతుంది. అక్కడే ఆగిపోవాలి, వీలైతే రెండడుగులు వెనక్కి వెయ్యాలి. నాకు ఇది తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పిల్లల సంగతి. కొండచిలువలు చూపించమని అడుగుతారు. చలికాలంలో అవి పొద్దుటెండ కాచుకోవడానికి బొరియల్లోంచి బయటికి వస్తాయి. వాటికి ఒంట్లో వేడి పుట్టదు, ఎండే ఆధారం. మనం గుంపుగా వెళ్ళి మూగితే బొరియలోకి దూరుతుంది, ఆ రోజుకి దాని ఎండ పోయినట్టే. దూరం నుంచి, నలుగురు నలుగురుగా, రిక్షా ఆయన నిలబడమన్న చోట నిలబడి చూడాలి. ఆయన చూపించనంటే బలవంతపెట్టొద్దు. డబ్బు ఎక్కువిస్తాం గుడ్లగూబని లేపు అని అడిగేవాళ్ళని చూశాను. పగలు నిద్రపోయేదాన్ని లేపి ఫొటో తీస్తే ఏమొస్తుందో నాకు అర్థం కాదు. నైట్ డ్యూటీ చేసి పడుకున్నవాణ్ణి ఎవరైనా లేపితే మనం ఎన్ని తిడతాం!

ఇప్పుడు సెల్‌ఫోన్లలో పక్షుల కూతలు కూడా వస్తున్నాయి. అది వినిపిస్తే పక్షి దగ్గరికి వస్తుంది, నిజమే. తన చోటులోకి ఇంకో మగపక్షి వచ్చిందని పోట్లాటకి వస్తుంది పాపం. గూడు వదిలేసి వస్తుంది. అదీ నా చప్పట్ల లాంటిదే. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకుందాం. కోతులకీ జింకలకీ బిస్కెట్లు వెయ్యొద్దు. అలవాటు పడిన కోతి తరవాత వచ్చినవాళ్ళ చేతిలోవి లాక్కుంటుంది, ఆ తరవాత దాన్ని తరిమే పని ఎవరి మీదో పడుతుంది. ప్లాస్టిక్ సంచి ఒక్కటి కూడా లోపలికి వద్దు. ఉప్పు తగిలిన కవరుని కణుజు నమిలి మింగేస్తుంది.

మరి భోజనం మాటేమిటి అంటారు. నా ప్రతిపాదన ఇది. భోజనాలు ఘనాలో వద్దు. ఉసిరిచెట్టు కింద తినాలన్నది కదా మన ఆచారం. మన కంటోన్మెంట్‌లో పాత బ్యారక్‌ల వెనక రెండు ఉసిరిచెట్లున్నాయి, నీడ కూడా బాగుంటుంది. ఆదివారం అక్కడ వంటలు, పూజ, పాటలు, మైకు, పిల్లల ఆటలు, అన్నీ పెట్టుకుందాం. ఎంత గోల చేసినా అడిగేవాళ్ళు లేరు. ఘనాకు వేరే రోజు, అరవై మందిమీ ఒకేసారి కాకుండా రెండు జట్లుగా, రెండు వేరు వేరు ఆదివారాల్లో వెళ్దాం. తెల్లవారేసరికి గేటు దగ్గర ఉండాలి. పొద్దున్నే అయితే పక్షులూ ఎక్కువ కనపడతాయి, జనమూ తక్కువ. తాగేనీళ్ళు స్టీలు సీసాల్లో. టిఫిను గేటు బయటే కానిచ్చి లోపలికి వెళ్దాం.

కమిటీలో ఒకరు నన్ను అడిగారు, "టిక్కెట్టు కొంటున్నాం కదండీ, ఇన్ని ఆంక్షలా" అని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంకో యూనిట్ ఏరియాలోకి మనం వెళ్ళినప్పుడు, పాస్ ఉంది కదా అని ఎక్కడ పడితే అక్కడ తిరుగుతామా? గార్డు ఎక్కడిదాకా అంటే అక్కడిదాకానే వెళ్తాం. మనం చేసేది ఏమీ పెద్ద త్యాగం కాదు. డెహ్రాడూన్ దగ్గర మన టెరిటోరియల్ ఆర్మీ ఎకలాజికల్ బెటాలియన్ వాళ్ళు 1982 నుంచి సున్నపురాయి గనులతో పాడైపోయిన కొండల మీద మొక్కలు నాటుతున్నారు. యూనిఫారంలో ఉండి గడ్డపార పట్టుకున్నవాళ్ళు వాళ్ళు. మనల్ని అడుగుతున్నది మూడు గంటలు మాట్లాడకుండా నడవమనే.

మొదటి జట్టుతో నేను వస్తాను. ఆ సర్దార్జీ ఇప్పుడు రిక్షా తొక్కటం లేదు. ఆయన కొడుకు తొక్కుతున్నాడు, ఆ బైనాక్యులర్సే మెళ్ళో వేసుకుని. అతనితో మాట్లాడి ఉంచాను. ఇంకో తొమ్మిది రిక్షాలు అతనే చూస్తానన్నాడు. నడవగలిగినవాళ్ళు, సైకిలు తొక్కగలిగినవాళ్ళు ముందే చెప్తే ఆ లెక్క వేరే వేస్తాను. బైనాక్యులర్స్ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, లేనివాళ్ళకి నా దగ్గర రెండు ఉన్నాయి, వంతులవారీగా చూద్దాం. పేర్లు కార్యదర్శి గారి దగ్గర ఇవ్వండి. బస్సు మెయిన్ గేటు దగ్గర తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరుతుంది, ఎవరి కోసమూ ఆగదు.

పులిహోర చల్లారిపోతోందని వెనక నుంచి సైగ చేస్తున్నారు. ఉంటాను. నమస్కారం. జై హింద్.